తగ్గించి రాసిన మాట

ఆ పోలీసు స్టేషన్లో ఫిర్యాదులు రాసే రైటరుకు ఇరవై రెండేళ్ల అనుభవం. ఏ దెబ్బకు ఏ మాట వాడాలో ఆయనకు కొట్టిన పిండి. "చేయి చేసుకున్నాడు" అని రాస్తే మందలింపు. "కొట్టాడు" అంటే కేసు. "చావబాదాడు" అంటే జైలు. తల పగిలినవాళ్లూ, పళ్లు రాలినవాళ్లూ బల్ల ముందు నిలబడి చెబుతుంటే, ఆయన ఇన్‌స్పెక్టరు ముఖం చూసి మాట పెంచేవాడు, దించేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఒక దర్జీ ఆవిడ వచ్చింది. ఒక కన్ను మూసుకుపోయింది. చెవి చిరిగి వేలాడుతోంది. తండ్రి వదిలిన ఇంట్లో వాటా అడిగినందుకు సొంత అన్నే ఇనప గొట్టంతో చావబాదాడని చెప్పింది. ఆ అన్న ఇన్‌స్పెక్టరుకు స్నేహితుడు.

"అన్నాచెల్లెళ్ల గొడవకి అంత మాటెందుకు? కాస్త తగ్గించి రాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

రైటరు "చేయి చేసుకున్నాడు" అని రాసి ఆమె చేత సంతకం పెట్టించాడు. అన్నను పిలిపించి, టీ ఇచ్చి, రెండు ముక్కలు చెప్పి పంపేశారు.

నాలుగో రోజు అన్న మళ్లీ ఆమె ఇంటి మీదికి వెళ్లాడు. సంతకం పెట్టిన చెయ్యి ఇదేగా అంటూ ఆమె కుడిచేతిని గడప మీద తొక్కిపట్టి, ఇస్త్రీపెట్టెతో మోదాడు. ఎముకలు నుగ్గయ్యేదాకా ఆపలేదు. అడ్డం వచ్చిన పొరుగాయన దవడ కూడా పగిలింది.

వాంగ్మూలం రాసుకోవడానికి రైటరునే ఆసుపత్రికి పంపారు. అప్పటికే డాక్టర్లు ఆమెకు మూడు వేళ్లు తీసేశారు. ఆయన్ను చూసి ఆమె తిట్టలేదు.

"బాబాయ్, ఈసారి ఎంత తగ్గిస్తారు?" అని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఆయన కలం మూత తీశాడు. "నువ్వెలా చెబితే అలాగే రాస్తానమ్మా."

అలాగే రాశాడు. ఇన్‌స్పెక్టరు చింపేద్దామని చెయ్యి చాస్తే ఇవ్వలేదు. లాఠీతో మోచేతి మీద రెండు పడ్డాయి. కాగితాలు రెండో చేతిలోకి మార్చుకుని నేరుగా కోర్టుకు నడిచాడు.

విచారణలో అన్న తరఫు వకీలు పాత ఫిర్యాదు బయటికి తీశాడు. అప్పుడు ఏదో చేయి చేసుకున్నాడన్న మనిషి ఇప్పుడు చావబాదాడంటోంది, ఇదంతా పెంచి చెప్పడమేనన్నాడు. రైటరు బోనెక్కాడు.

"ఆ మాట ఆవిడది కాదండీ, నాది. ఆవిడ మొదటినుంచీ చావబాదాడనే చెప్పింది. తగ్గించింది నేనే."

అన్నకు ఏడేళ్ల జైలు పడింది. రైటరు ఉద్యోగం ఊడింది. ఇన్‌స్పెక్టరును వేరే ఊరికి మార్చారు, అంతే. ఆమెకు ఎడమచేత్తో కత్తెర పట్టడం రావడానికి ఏడాది పైనే పట్టింది. రైటరు ఆ వీధిన వెళ్తే ఆమె పలకరించదు. తలుపు మాత్రం వేసుకోదు.