తువ్వాల కింద చెయ్యి

నేను చేసిన బేరాలన్నిటిలో గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. ఒక మనిషి కుడిచేతిని సర్కారుకు మంచి ధరకు అమ్మించాను. వాళ్లు మొదట చెప్పినదానికి తల ఊపలేదు. వాళ్లంతట వాళ్లే మళ్లీ పిలిచేదాకా ఆగాను. చివరికి నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చారు. మేడ్చల్ దుకాణాల వరుసలో అటువంటి బేరం అంతకు ముందు ఎవరూ చేయలేదు. బేరంలో ఓడినవాణ్ని చూసి నవ్వడం మా వాళ్ల ఆచారం. గెలిచినవాణ్ని చూసి ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

మాది స్టేషనుకు పోయే బాట మీద ఉప్పు, పప్పు, కిరసనాయిలు అమ్మే దుకాణం. తూకపురాళ్లే నా ఆటవస్తువులు. అవతలివాడు చెప్పిన మొదటి ధరకు ఎన్నడూ ఒప్పుకోవద్దని మా నాయిన నేర్పాడు. ఒప్పుకోకపోతే లేచి నడవాలి, వెనక్కి చూడకూడదు. అక్కర ఉన్నవాడు పిలుస్తాడు. ఈ ఒక్క విద్యతోనే మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, ఇంటి కప్పు మారింది. నాకు ఇంకే విద్యా అవసరమనిపించలేదు.

యుద్ధం అయిపోయి సిపాయిలు ఇళ్లకు వస్తున్న కాలం అది. చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగే ఓపిక లేక, తపాలా మనిషి ఫౌజు ఉత్తరాలు కట్టగట్టి మా దుకాణంలోనే పడేసి పోయేవాడు. అందువల్ల ఎవరు బతికి వస్తున్నారో, ఎవరి ఇంటికి ఏ కబురు పోతున్నదో అందరికంటే ముందు నాకే తెలిసేది. పొట్లాలు కట్టడానికి సికింద్రాబాదు నుంచి పాత పేపర్లు తూకానికి తెచ్చేవాళ్లం. చింపే ముందు సిపాయిలకు పనికొచ్చే సంగతి ఏమైనా ఉందేమో చూసి పైకి చదివేవాణ్ని. ఫలానా చోట లారీ తోలడం నేర్పుతున్నారు, ఫలానా రోజు బొల్లారం కచేరీలో గాయాలు చూస్తారు, అని. సగం వార్తలు పాతవి, సగం చినిగినవి. చినిగిన భాగాన్ని నేనే కల్పించి చెప్పేవాణ్ని. అరుగు మీద కూర్చున్నవాళ్లు తలలు ఊపేవారు.

ఉర్దూ రాయడం, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు కాబట్టి అర్జీలు కూడా నేనే రాసేవాణ్ని. రుసుము తీసుకునేవాణ్ని కాదు. రాయించుకున్నవాడు ఊరికే లేచిపోలేక సేరు ఉప్పైనా కొని పోయేవాడు. కాలు పోయిన ఒకాయనకు కచేరీ కట్టిన పింఛను చాలదని మళ్లీ రాసి పెంచించాను. దాంతో నాకు పేరొచ్చింది. పేరొచ్చినవాడు ఆగడు కదా.

ఆ కుడిచెయ్యి గలవాడు శామీర్‌పేట మనిషి. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు. ఫౌజుకు పోకముందు పశువుల దలాలి. అంగడిలో ఎద్దుల బేరం నోటితో జరగదు. దలాలీ, కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. కింద వేళ్లు పట్టి, నొక్కి, వదిలి ధర చెప్పుకుంటారు. నోళ్లు మాత్రం వానల గురించో పెళ్లిళ్ల గురించో మాట్లాడుతుంటాయి. చుట్టూ ఎంతమంది నిలబడినా ఒక్కరికీ ధర తెలియదు. అవతలివాడి చెయ్యి తడబడితే ఇంకా పెంచుతాడని, బిగుసుకుంటే ఇక పెంచడని వేళ్లతోనే కనిపెట్టాలి. అందులో అతన్ని మించినవాడు మా దిక్కు లేడని పేరు.

బర్మా దిక్కు ఎక్కడో మోచేతి పైన తూటా తగిలింది. గాయం మానింది. చెయ్యి చూడడానికి చెయ్యిలాగే ఉంది.

మా అరుగు మీద మొదటిసారి కూర్చున్నప్పుడు బీడీ అంటించి కుడిచేతి వేళ్ల మధ్య పెట్టుకుని, అక్కడి వానల గురించి చెబుతున్నాడు. మాడు వాసన వచ్చింది. మా నాయిన గోనెసంచుల దిక్కు చూశాడు, నేను వంటింటి దిక్కు చూశాను.

"భాయి, నీ వేలు!" అన్నాను.

అతను ఆ చేతిని వేరేవాళ్లది అన్నట్టు చూసుకున్నాడు. బీడీ తీసి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. వాన సంగతి వదిలిన చోటు నుంచే మళ్లీ అందుకున్నాడు. అది అయ్యాక అన్నాడు:

"మొన్న అంగట్ల తువ్వాల కింద పెట్టి చూసిన సేటూ. కొనేటాయన ఏ వేలు పట్టిండో నాకు ఎర్కలే. ఊకె నవ్వుకుంట కూసున్న. ఎద్దులు వేరేటోనికి పోయినయ్."

అతనికి కావలసింది అంతే. మళ్లీ తువ్వాల కింద చెయ్యి పెట్టగలగాలి. నేను అర్జీ రాశాను. కచేరీ నుంచి పిలుపు వచ్చింది.

బొల్లారానికి రైల్లో ముగ్గురం పోయాం. అతను, నేను, అతని తల్లి. రొట్టెల మూట పట్టుకుని ఆమె గేటు బయటే కూర్చుంది. లోపల డాక్టరు అతని కళ్లకు గుడ్డ కట్టించి, సూదితో గుచ్చుతూ ఎక్కడ గుచ్చుతున్నానో చెప్పమన్నాడు.

"గుచ్చుతున్నరా సాబ్?" అన్నాడు అతను.

డాక్టరు ఇంగ్లీషులో చెప్పినదాన్ని గుమాస్తా మాకు విప్పి చెప్పాడు. "నరం తెగిందంట. పుణెల ఫౌజు దవాఖాన ఉన్నది. కోసి కలుపుతరు. కాని జల్దీ పోవాలె. లేటైతే కండ ఎండిపోతది, ఇగ కలిపినా ఫాయిదా లేదు. పక్కాగ బాగైతదని డాక్టర్ సాబ్ కూడ చెప్తలేడు. రైలు పాసు ఇస్తం, తిండి సర్కారుదే."

"మరి పింఛను?" అన్నాను నేను.

"ముందుగాల చెయ్యి. బాగైనంక ఎంత ఖరాబుందో చూసి, అప్పుడు పింఛను."

ఇక్కడ నా విద్య నాకు అడ్డం వచ్చింది. దుకాణదారు ముందుగా ఎత్తి చూపేది తనకు చవకగా పడే సరుకే అని నాకు ఉగ్గుపాలతో పోసిన జ్ఞానం. చెయ్యి బాగైతే పింఛను ఉండదు. బాగు కాకపోతే, చేయాల్సింది చేశాం కదా అంటారు. ఎటు చూసినా వాళ్లకే లాభం. పింఛను ముందు రాయించుకుని తరువాత పుణె పోతే రెండూ మనవి. వీళ్లు దవాఖాన పేరు ముందు ఎత్తారంటే దాని వెనుక ఇంకేదో దాచారన్నమాట.

"సోంచాయించి చెప్తం సాబ్," అన్నాను.

గుమాస్తా తల కూడా ఎత్తలేదు. అర్జీ మీద ఏదో రాసుకుని పక్కన పెట్టాడు. మేము లేచి నడిచాం.

"ఎన్కకు చూడకు భాయి. చూసినవంటే ధర పడ్తది," అన్నాను.

"నాకు జెప్తున్నవా సేటూ? నేనైనా గిట్లనే లేస్తుంటి," అన్నాడు. ఆ మాటకు నా గుండె నిబ్బరమైంది. బేరం తెలిసినవాళ్లం ఇద్దరం ఒకే దారిన నడుస్తున్నాం. గేటు దగ్గర వంగి, బాగానే ఉన్న చెప్పు వారు సర్దుకున్నాను. ఎవరూ పిలవలేదు.

తల్లి లేచి నిలబడింది. "ఏమన్నరు బిడ్డా?"

"కోసి అతికిస్తరంట ఖాలా. పక్కా కాదంట. పింఛను ముచ్చట ఎత్తుతలేరు. మేం సోంచాయిస్తమని వచ్చినం."

"పింఛను నన్నెవరు అడిగిన్రు? ఆని చెయ్యి ఆనికి రావాలె. అన్నం ముద్ద పట్టిండో లేదో సూసుకుంట తింటడు, సిన్న పోరని లెక్క."

"ఇది సర్కారు బేరం ఖాలా, నీకు ఎర్కలేదు. అంగట్ల లెక్క నోటితోని పిలవరు. చిట్టీ పంపి పిలుస్తరు."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. అతను రైలు కట్ట దిక్కు చూస్తూ, "సేటు మంచిగనే జెప్తడమ్మీ," అన్నాడు. ఆమె మూట విప్పి మాకు చెరో రొట్టె పెట్టింది. అతనిది తుంచి ఎడమచేతిలో పెట్టింది.

సాయంత్రం మా నాయిన అంతా విన్నాడు. పప్పులో రాళ్లు ఏరుతూ, "అవతలోనికి అక్కర ఉంటేనే అది బేరంరా. ఆ చెయ్యితోని సర్కారుకేం అక్కర?" అన్నాడు. మా నాయినకు వయసు మీద పడిందని అనుకున్నాను. సంచి ఎత్తి లోపల పెట్టాను.

చలికాలం పోయింది. ఎండలు వచ్చాయి. తపాలా కట్ట వచ్చిన ప్రతిసారీ ముందు అతని చిట్టీ కోసమే వెతికేవాణ్ని. నేనుగా జ్ఞాపకం చేస్తూ ఒక అర్జీ రాసి ఉండవచ్చు. కాని ముందు నోరు విప్పినవాడు ఓడినట్టే. అందుకని రాయలేదు. అరుగు మీద మిగతా సిపాయిలకు మాత్రం పేపరు చదువుతూనే ఉన్నాను. ఇంగ్లీషువాళ్లు పోతున్నారంట, ఫౌజు కచేరీలు కొన్ని ఎత్తేస్తారంట. ఆ వార్త చదివి, అదే కాగితంలో బెల్లం కట్టి ఇచ్చాను.

అతని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే కండ మెల్లగా లోపలికి పోయింది. వేళ్లు వంగడం మొదలైంది. పొయ్యి దగ్గర కాలిన మచ్చలు రెండు మూడు కనిపించేవి. ఎప్పుడు కాలిందని అడిగితే నీకే ఎరుక అన్నట్టు చూసేవాడు. కాలినా తెలియని చెయ్యి అనే మాట అంగడికి పాకింది. అది తూటా గాయం కాదు, పెద్దరోగమని, అంటే కుష్ఠని, ఎవరో అన్నారు. ఒకరోజు ఒక రైతు అతని తువ్వాల కింద చెయ్యి పెట్టి, తువ్వాల జారి మచ్చలు కంటపడగానే వెనక్కి తీసుకుని తన ధోవతికి తుడుచుకున్నాడంట. ఆ సంగతి అతను చెప్పలేదు. అంగడి నుంచి వచ్చిన నువ్వుల వ్యాపారి చెప్పాడు. ఆ తరువాత అతను అంగడికి పోవడం మానేశాడు.

తొలకరి పడ్డాక అతని తల్లి శామీర్‌పేట నుంచి నడిచి వచ్చింది. కాళ్లకు బురద. అరుగు ఎక్కలేదు, కిందనే నిలబడింది.

"ఆ దవాఖానకే తోలియ్యి సేటు బిడ్డా. పింఛను వద్దని రాయి. వేలిముద్ర నేనే ఏస్త."

"ఇంకొన్ని దినాలు ఖాలా. ఇంత దూరం వచ్చినం, ఇప్పుడు దిగిపోతే ఎట్ల?"

"ఎంత దూరం వచ్చినం బిడ్డా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. నేను సేరు పిండి తూచి ఆమె కొంగులో పోశాను. డబ్బు వద్దన్నాను. అదీ బేరంలో భాగమే, నాకు తెలుసు.

వానలు వెనకపట్టు పట్టాక చిట్టీ వచ్చింది. నేను గెంతినంత పని చేసి మా నాయినకు చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకోలేదు.

ఈసారి గేటు దగ్గర తల్లి లేదు. రానన్నది. లోపల అదే గుమాస్తా. డాక్టరు వేరే ఆయన. సూది గుచ్చాడు, వంగిన వేళ్లను తన వేళ్లతో చాపి చూశాడు, వదిలాడు. అవి మళ్లీ వంగిపోయాయి. చాలాసేపు రాశాడు.

"నీ నసీబు మంచిగున్నది," అన్నాడు గుమాస్తా. "చెయ్యి పూర్తిగ పోయినట్టే లెక్క కట్టిండు. జిందగీ మొత్తం పింఛను. కల్దార్ల వస్తది."

కల్దార్ అంటే ఇంగ్లీషు రూపాయి. మా నైజాం రూపాయి కంటే ఎక్కువ పలికేది. నేను అడుగుదామనుకున్నదానికంటే చాలా పైనే ఉంది.

"మరి పుణె ఎప్పుడు పోవాలె?" అని అడిగాడు అతను.

గుమాస్తా డాక్టరును అడిగి, "ఇగ పోయే పని లేదు. ఇప్పుడు కోసినా ఫాయిదా లేదంటున్నడు. గందుకే గదా ఇంత పింఛను," అన్నాడు.

బయటికి వచ్చాం. ఈసారి వెనక్కి చూడవద్దని నేను చెప్పలేదు, అతను చూడలేదు. స్టేషను దాకా నడిచాం. బండి వచ్చే ముందు అడిగాడు:

"గెలిచినమా సేటూ?"

"గెలిచినం భాయి."

"మంచిగైంది," అన్నాడు. కుడిచేతిని ఎడమచేతితో ఎత్తి, ఎవరి కాలికీ అడ్డం రాకుండా ఒడిలో పెట్టుకున్నాడు.

నాకు అప్పుడు ఏడుపు రాలేదు, సిగ్గు కూడా రాలేదు. ఇన్నేళ్లలో వస్తుందేమోనని చూశాను. రాలేదు. లెక్క రాయడం మాత్రం వచ్చు కాబట్టి, ఇదీ లెక్క.

అతనికి జమ: నెలనెలా పింఛను, అతను బతికినన్నాళ్లూ తప్పకుండా వచ్చింది. తల్లి పోయేదాకా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఇది నా మూలంగా వచ్చిందే, దీన్ని తగ్గించి రాయను.

అతనికి ఖర్చు: చెయ్యి. మొత్తం చేతిని నా పేర రాస్తే అది దొంగలెక్క. పుణె పోయినా బాగయ్యేదని డాక్టరు మాట ఇవ్వలేదు. అసలు రాయకపోతే అంతకంటే పెద్ద దొంగలెక్క. తూటా తీసుకున్నది తూటా పేర, మిగిలిన ఆశ నా పేర. ఆ ఆశ ఎంతో తూచే రాయి మా దుకాణంలో లేదు. అంగడి, తువ్వాల, అతని పేరు కూడా ఇందులోకే వస్తాయి.

నాకు: కల్దార్లను నైజాం రూపాయల్లోకి మార్చింది నేనే, మారకం మీద మిగిలింది నాకే. ఆ రూపాయలతో నెలనెలా బియ్యం, కిరసనాయిలు కొన్నది మా దుకాణంలోనే, దాని మీద లాభమూ నాకే. ఆ బేరంలో దలాలీ పైస కూడా ముట్టలేదని ఊరంతా చెప్పుకున్నాను. ముట్టాను. అతను బతికినన్నాళ్లూ, ప్రతి నెలా.