అంకె కింద అల

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, పాత పుస్తకాలు కొనుక్కుని రేఖాగణితం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ముప్పై ఏళ్లు డ్రాయింగు బోర్డు ముందు నిలబడ్డాను. కొలవలేనిదాన్ని నమ్మను. అయినా ఇది రాస్తున్నాను.

మా చెల్లెలి కూతురు సుజాత గాజువాకలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ ఆఫీసులో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీస్తుంది. రేవు దగ్గర ఒక గోదాములో సరుకు మోసే పాత కన్వేయరుకి తుప్పుపట్టిన ప్లేట్లు మార్చాలి. సుజాత ఒంటరిగా చేస్తున్న మొదటి పని అది. తేడా వస్తే ఉద్యోగం ఉండదని యజమాని ముందే చెప్పాడు. ఆ కన్వేయరు అసలు డ్రాయింగు గీసింది ఒకప్పటి నా పక్క బోర్డు అప్పలస్వామి. అందుకే నన్నొకసారి చూడమని పిలిచింది.

అప్పలస్వామి పోయి పదకొండేళ్లు. చేయి బంగారం, ఒళ్లు బద్ధకం. గీయడం అయ్యాక సైటువాళ్లు కొలత మారిస్తే, సిరా గీతను బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. ఆయన అంకె ఒక్కటే మార్చి, దాని కింద అలలా ఒక గీత పెట్టేవాడు. 'ఇక్కడ స్కేలు పెట్టి కొలవొద్దు' అని దానర్థం. అప్పట్లో మా అందరికీ తెలిసిన గుర్తే. ఆయన అలకు మూడు వంపులు, చివర తోక కిందికి లాగి ఉండేది. నేను తిడితే నవ్వేవాడు.

"గీత సూడకు బావ, అంకె సూడు."

సుజాత దగ్గరున్న పాత కాగితం మడత దగ్గర అరిగిపోయింది. బోల్టుల వరుసల మధ్య దూరం చెప్పే అంకె సగం లేదు, దాని కిందంతా తెల్లగా ఉంది. సుజాత కాగితాన్ని స్కాన్ చేసి, ఆ గీతల మీదే గీతలు వేసింది. దూరం కంప్యూటరే లెక్కకట్టింది. 1420 మిల్లీమీటర్లు.

"మిషను తప్పు సెప్పదు మావయ్యా," అంది.

నాకు మండింది. "మిషనుకి బుర్రెక్కడిదే? నువ్వెట్టిన గీతనే కొలిసి నీకే సెప్తంది," అన్నాను. తెర మీద నా కళ్లకు ఆనదు, కాగితం మీద తియ్యమన్నాను.

పొద్దున్న పదకొండు గంటలు. ఇద్దరం డ్రాయింగులు ప్రింటు తీసే ప్లాటరు పక్కనే నిలబడ్డాం. కాగితం బయటికి వచ్చింది. 1420 కింద అల ఉంది. మూడు వంపులు. తోక కిందికి.

సుజాత నా వైపు చూసింది. "నువ్వు గీసినావేటి?"

కోపంగా రెండు చేతులూ చాపి చూపించాను. నా చేతిలో పెన్నే లేదు. రెండేళ్లుగా వణుకు. టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాను.

ఆ గుర్తు అర్థం చెప్పాను. గీతను కొలిచి వచ్చిన 1420ని నమ్మడానికి లేదన్నాను. భోజనాల తర్వాత మొదలవ్వాల్సిన ప్లేట్ల కోతను సుజాత ఫోను చేసి ఆపించింది. కన్వేయరు ఆగి కొలవడానికి వీలయ్యేది కూడా భోజనాల వేళే. గోదాముకి పరిగెత్తాం. ఫిట్టరు సూరిబాబు టేపు పట్టుకుని పైకెక్కాడు.

"పద్నాలుగొందల అరవై!" అని కేకేశాడు. మళ్లీ కొలవమన్నాం. "ఏటి బాబూ, నా టేపు మీద కూడా నమ్మకం లేదేటి?" అంటూనే కొలిచాడు. అంతే వచ్చింది.

సుజాత తేడా లెక్కకట్టింది. నలభై మిల్లీమీటర్లు. ఒక్క బోల్టు కూడా దూరేది కాదు.

ఆఫీసుకి తిరిగొచ్చి ఫైలు తెరిచింది. అల లేదు. స్కాన్‌లోనూ లేదు. అదే ఫైలు మరో రెండుసార్లు ప్రింటు తీసింది. లేదు. మొదటి కాగితం మీద మాత్రం ఉంది. తడి వేలితో రుద్దాను. 1420 అలుక్కుపోయింది, అల చెక్కుచెదరలేదు. మా రోజుల నల్ల సిరా అంతే, ఆరాక నీళ్లకు లొంగదు.

ప్లాటరు మరకై ఉంటుందన్నాడు యజమాని. మరకకు తోకెందుకయ్యా అన్నాను. పోనీ నా భ్రమ అనుకుందామా? అప్పలస్వామి గుర్తు జన్మలో ఎరగని సుజాత కూడా చూసింది కదా!

ఆ కాగితం ఇప్పుడు నా బోర్డు మీద ఉంది. రోజూ భూతద్దంతో చూస్తాను. చూసి గీద్దామంటే నా వణుకుకి ఆరేడు వంపులవుతున్నాయి. దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ అల ఎలా వచ్చిందో మాత్రం తెలియదు. ఒక్కోసారి కోపం ఆగక, "ఆ రోజే గీకి మళ్లీ గీసుంటే ఇంత పనుండేదా?" అని పైకే తిడతాను. ఎవర్ని తిడుతున్నానో అదీ తెలియదు.