సమ్సోను అనే పేరు

మొన్న మేడ్చల్ బస్సు సుచిత్ర దగ్గర ఆగినప్పుడు కిటికీలోంచి ఒక జిమ్ బోర్డు కనిపించింది. భుజాల దాకా జుట్టు పెంచిన కండల మనిషి రెండు స్తంభాలను చెరో చేత్తో నెట్టేస్తున్నాడు. కింద బైబిల్లోని బలశాలి సమ్సోను పేరు. ఆ స్తంభాలు కూలి అతని మీద కూడా పడ్డాయని బోర్డు రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంటికి వచ్చేసరికి కోడలు మనవణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది. "మామయ్యా, ఆదివారం బాప్తిస్మంల బాబుకు చిన్నమామయ్య పేరే పెడదామనుకుంటున్నం. సమ్సోను. మీరేమంటరు?" అని అడిగింది. చూద్దామన్నాను.

చిన్నమామయ్య అంటే నా తమ్ముడు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక పుట్టాడు. వీడైనా గట్టిగా నిలబడాలని అమ్మ ఆ పేరు పెట్టి, బైబిలు సమ్సోను బలమంతా జుట్టులోనే ఉండేది గనుక ఐదేళ్లు నిండేదాకా వాడి తల మీద కత్తెర పడనివ్వలేదు. అడిగినవాళ్లకల్లా ఆ కథ చెప్పేది గనుక మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో చర్చి ముఖం చూడనివాళ్లకు కూడా సమ్సోను తెలిసిపోయాడు. అయితే అమ్మ కథను సింహాన్ని చీల్చే దగ్గరే ఆపేసేది. కళ్లు పోగొట్టుకుని చెరసాలలో తిరగలి విసిరిన సంగతి నేను పెద్దయ్యాక బైబిలు చదివి తెలుసుకున్నాను. మా సమ్సోనేమో గోంగూర కాడలా సన్నగా పెరిగాడు. "ఏం సమ్సోనూ, మా బర్రెను జర భుజం మీదేసుకోని చెరువుకాడ దించి రారాదు?" అనేది ఎదురింటి పెద్దమ్మ. "బర్రె ఒప్పుకోవాలె గద పెద్దమ్మా" అని వాడు నవ్వేవాడు. నవ్వుతూనే వడ్ల బస్తా, నీళ్ల డ్రమ్ము, పెళ్లింట్లో వంట గుండిగ, ఎక్కడికి పోయినా ఏదో ఒకటి ఎత్తి చూపించేవాడు.

చర్చి కొత్తగా కట్టుకున్న ఏడు వాడికి పంతొమ్మిది, నాకు ఇరవై ఆరు. శనివారాలు సంఘంవాళ్లమే పనిచేసేవాళ్లం. ఏ పని ఎన్ని గంటలకు అన్నది పుస్తకంలో రాసేవాణ్ణి నేను. గుమ్మం ముందు మెట్టు బండ పదకొండుకల్లా కూర్చోవాలని రాశాను. "ఇంకిద్దరు రానీయ్ సారూ, గీ ముగ్గురితోని అయ్యేది కాదు" అన్నాడు మేస్త్రీ. పదకొండు దాటింది. నేను అందరి ముందూ తమ్ముడి వైపు తిరిగి, "ఏంరా, ఉత్తగ పేరు పెట్టుకుంటె అయితదా? పట్టు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. వాడు వంగి, ఆ ముగ్గురితో కలిసి పట్టాడు. బండ లేచింది, దాని చోట కూర్చుంది. వాడు లేవలేదు. ఆసుపత్రులు, నాటు వైద్యులు, ఉపవాస ప్రార్థనలు అన్నీ అయ్యాక కర్ర సాయంతో నడక వచ్చింది. ఆ తేదీన నా డైరీలో ఉన్నది ఒకే వాక్యం: "మెట్టు బండ పదకొండు ఇరవైకి కూర్చోబెట్టాం." ఎవరడిగినా, ఆ పేరే వాడి నడుము విరగ్గొట్టిందని చెబుతూ వచ్చాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను.

శుక్రవారం అల్వాల్ వెళ్లాను. తమ్ముడు అక్కడ తాళంచెవులు చేసే చిన్న దుకాణం నడుపుతాడు. "పిల్లగానికి నీ పేరు పెడతమంటున్రు. నువ్వే వద్దని చెప్పరా. గా పేరు నిన్నేం జేసిందో తెల్వదా?" అన్నాను.

వాడు ఆకురాయితో తాళంచెవిని అరగదీస్తూ తలెత్తలేదు. "పేరు నన్నేం జేసిందే అన్నా? అమ్మ మస్తు ముద్దుగ పిలుస్తుండె." అరగదీయడం ఆపాడు. "బండ ఎత్తుమన్నది పేరు గాదు. నువ్వు."

"నీకు యాదికున్నదా?"

"వంగినప్పుడల్ల యాదికొస్తది." కాస్త నవ్వాడు. "పేరు పెట్టుకోండ్రి. పోరన్ని మాత్రం ఏది ఎత్తుమనకుండ్రి."

"తప్పు నాదేరా" అన్నాను.

"ఎరుకే" అని, తయారైన తాళంచెవిని వెలుతురుకు పట్టి చూసుకున్నాడు.

ఆ రెండు మాటలు అనడానికి నాకు నలభై ఐదేళ్లు పట్టింది. అంతకాలమూ వాడు వినడానికి సిద్ధంగానే కూర్చున్నాడు.