నాగస్వరం సీతాపతి పళ్ళు

అరవదేశంలో సముద్రం పక్కనున్న ముత్తియాల్‌పేటలో తెలుగు వర్తకుల ఇళ్ళల్లో పెళ్ళి కుదిరిందంటే వంటవాళ్ళకంటే ముందు సీతాపతికి కబురు వచ్చేది. ఆయన తాతలు ఎప్పుడో చిత్తూరు వైపు నుంచి దిగివచ్చినవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని అందులో సగం అరవం కలిసి ఉండేది. తెలుగు అక్షరాలు ఇంటిల్లిపాదిలో ఎవరికీ రావు. తండ్రి దగ్గర సీతాపతి నేర్చుకున్నదంతా చెవితో నేర్చుకున్నదే. పొద్దున వీధి చివరి పెరుమాళ్ గుడిలో మేలుకొలుపు, ముహూర్తాల నెలల్లో పెళ్ళిళ్ళు, తక్కిన రోజుల్లో ఇంటి అరుగు మీద సాధకం. పక్కన డోలు వాయించే చిన్నదురై తమిళుడే అయినా, ఆ ఇంట్లో తిని తిరిగి తెలుగు పట్టుబడ్డవాడు.

సీతాపతికి మాటలు తక్కువ. భార్య హేమావతి దాన్ని గురించి ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది: ఉన్న మాటలన్నీ ఆ గొట్టంలోనే ఊదేసి వస్తాడు, ఇంటికి వచ్చేసరికి నాకేమీ మిగలవు అని. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి కూడా ఆయన ఎన్నడూ నోరెత్తలేదు. అరుగు మీద కూచుని వాయించేవాడు, ఆమె లోపల పని చేసుకుంటూ వినేది. వాళ్ళ కాపురం అట్లా సాగిపోయింది.

పంతొమ్మిది వందల డెబ్బైలు ముగుస్తున్న రోజుల్లో పళ్ళు తోముకునేటప్పుడు ఆయనకు రక్తం కనబడసాగింది. వేడి చేసిందనుకున్నాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, లవంగం నమిలాడు. కొన్నాళ్ళకు పై వరుసలో ముందరి పళ్ళు నాలుకతో తోస్తే కదలడం మొదలుపెట్టాయి. నాగస్వరం కొసన పెట్టే రెల్లు పీకను అక్కడ సీవాళి అంటారు. దాన్ని పట్టేది పెదవులే అయినా, పెదవుల వెనక గోడలా నిలబడి ఊతమిచ్చేవి పళ్ళు. ఆ గోడ కదిలితే పెదవి మాట వినదు. సీతాపతి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైస్థాయి స్వరాల దాకా పోకుండా కింద కిందనే రాగం తిప్పి దించేయడం అలవాటు చేసుకున్నాడు. చిన్నదురైకి ఏదో తేడా తెలుస్తూనే ఉంది గాని అలసటేమో అనుకుని ఊరుకున్నాడు.

బట్టల కొట్టు వరదరాజులు పెద్దకూతురి పెళ్ళిలో అది బయటపడింది. తాళి కట్టే వేళకు పురోహితుడు చెయ్యి ఊపాడు, గట్టిమేళం ఎత్తుకున్నారు. సీతాపతి ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. నోట్లో ఏదో పుటుక్కుమంది. నాలుక మీదికి వెచ్చగా పారింది. తాళి కట్టేటప్పుడు మేళం ఆగితే ఆ పిల్లకు అపశకునం. మూడు ముళ్ళూ పడేదాకా ఆయన మింగుతూనే వాయించాడు. నాగస్వరం దించేసరికి సీవాళి ఎర్రగా తడిసి ఉంది. తాంబూలం ఎక్కువైందని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. చిన్నదురై ఒక్కడే చూశాడు. డోలు పుల్ల కింద పెట్టి, భుజం మీది తువాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ తువాల్లోకి సీతాపతి ఊడిన పన్ను ఉమిశాడు.

మర్నాడు చిన్నదురై ఆయన్ను వెంటబెట్టుకుని పళ్ళ కాలేజీకి తీసుకుపోయాడు. విశ్వవిద్యాలయం వాళ్ళు ఊళ్ళో అది తెరిచి ఎక్కువ కాలం కాలేదు. పొడుగాటి గదిలో కుర్చీలు బారు తీరి ఉండేవి. తెల్లకోటు వేసుకున్న పిల్లలు ఒక్కొక్క నోరూ చూస్తుంటే వెనక పంతుళ్ళు నిలబడి సరిదిద్దేవాళ్ళు. రిక్షావాళ్ళు, మిల్లు కూలీలు, చేపలమ్మే ఆడవాళ్ళు వరసలో కూచుని ఉండేవాళ్ళు. కట్టుడు పళ్ళ విభాగానికి పెద్ద భీమేశ్వరరావు, యానాం మనిషి. ఆయన కింద పరిశోధన చేస్తున్న నాగకుమారిదీ ఆ ఊరే. అరవం కూడబలుక్కుంటూ నెట్టుకొస్తున్న ఆ పిల్లకు, కుర్చీలో కూచున్న మనిషి తెలుగువాడని తెలియగానే ప్రాణం లేచివచ్చింది.

భీమేశ్వరరావు ఎక్స్‌రే తీయించి చూశాడు. చిగుళ్ళ జబ్బు ముదిరిపోయిందని, పైపళ్ళు నిలబడే ఎముక చాలా మటుకు కరిగిపోయిందని చెప్పాడు. పై వరుస మొత్తం తీసేయాలి. తీయకపోయినా అవే రాలిపోతాయి, ఆలోగా ఎముక ఇంకా పోతుంది.

సీతాపతి మిగిలిన ముందరి పళ్ళను నాలుకతో మెల్లగా తోసి చూసుకున్నాడు. చివరికి అడిగాడు.

"తీసేస్తే నేను వాయించగలనా సామీ?"

"తెలియదండీ," అన్నాడు భీమేశ్వరరావు. "తినడానికి, మాట్లాడడానికి పళ్ళు కట్టి ఇవ్వగలను. నాగస్వరానికి ఎవరైనా కట్టారేమో అని వెతికిస్తాను. లేకపోతే మనమే ప్రయత్నిద్దాం. మీకు అబద్ధం మాత్రం చెప్పను."

పళ్ళు తీసేశారు. చిగుళ్ళు మానడానికి నెలలు పట్టింది. హేమావతి అన్నం గంజిలా మెత్తగా పిసికి పెట్టేది. ఆయన గోడ వైపు తిరిగి తినేవాడు. అరుగు మీద చప్పుడు లేదు. ఇంట్లో ఏ మూలకు పోయినా ఆ నిశ్శబ్దం వెంట వస్తున్నట్టుండేదని హేమావతి పక్కింటి మరగతంతో చెప్పుకుని ఏడ్చింది. గుడివాళ్ళు కొన్నాళ్ళు చూసి, వేరే ఊరి మేళగాళ్ళను వంతులవారీగా పిలుచుకున్నారు. చిన్నదురైని ఇద్దరు ముగ్గురు తమ మేళంలోకి రమ్మన్నారు. అన్న వాయించేదాకా కాచుకుంటానని అతను పోలేదు. ఆ రోజుల్లో చిన్నదురై భార్య ఇడ్లీలు వేసి అమ్మి ఇల్లు నడిపింది.

మొదటి కట్టుడు పళ్ళ వరుస కుదిరిన రోజున హేమావతి ఆయన ముఖం చూసి పెళ్ళినాటి మనిషి తిరిగొచ్చాడంది. అప్పడం కరకర నమిలాడు. కాని సీవాళి పెదవుల మధ్య పెట్టి ఊదగానే పళ్ళు ఊడి నాలుక మీద పడ్డాయి. మళ్ళీ పెట్టుకుని ఊదితే మళ్ళీ పడ్డాయి.

నాగకుమారి తన పరిశోధనకు ఎంచుకున్న వేరే విషయాన్ని కాస్తా పక్కనపెట్టి దీన్ని పట్టుకుంది. బూరలూదే విదేశీయుల గురించి ఎవరో రాసినవి నాలుగు కాగితాలు దొరికాయి గాని, నాగస్వరం మాట వాటిలో లేదు. నోరు ఊరికే తెరిచి ఉండగా తీసిన అచ్చు ఊదే నోటికి సరిపోదని ఆమెకు తోచింది. మెత్తటి మైనం పెట్టి, ఆయన ఊదుతున్నట్టు బిగబట్టి ఉండగా అచ్చులు తీసింది. ఆదివారాలు ముత్తియాల్‌పేట ఇంటికి వచ్చి, హేమావతి ఇచ్చిన కాఫీ చల్లారిపోతుంటే, ఆయన బుగ్గలు, పెదవులు ఎట్లా బిగుసుకుంటున్నాయో చూస్తూ కూచునేది. ఒకటి చేస్తే గాలి పోయేది. ఇంకొకటి చేస్తే చిగురు ఒరుసుకుని పుండు పడేది. ఆయన విసుక్కోలేదు. ఆమె విసుక్కుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "పోనీలే అమ్మణ్ణీ, రేపు జూస్తాం" అనేవాడు.

అట్లా రెండేళ్ళు గడిచాక, పై పెదవి వెనక సన్నటి గట్టు ఒకటి పెట్టి చేసిన వరుసతో, ఒక మధ్యాహ్నం కాలేజీ వరండాలో సీతాపతి ఊదాడు. నాదం వచ్చింది. మంద్రంలో మొదలై మధ్యస్థాయికి నిండుగా ఎక్కింది. వరసలో కూచున్న రోగులు వెనక్కి తిరిగారు. దవడ వాచిన మనిషి ఒకడు చెయ్యి దవడకు ఆనించుకునే తల ఊపాడు. చిన్నదురై డోలు తేలేదు, బల్ల మీద వేళ్ళతోనే తాళం అందుకున్నాడు. నాగకుమారి గోడ వైపు తిరిగి కోటు చేతితో ముఖం తుడుచుకుంది.

ఆ తరవాత భీమేశ్వరరావు ఆయన్ను తమ పళ్ళ వైద్య శిబిరాలకు తీసుకుపోయేవాడు. ఊళ్ళో కాలేజీ ఉన్నది పిల్లలకు చదువు చెప్పడానికి మాత్రమే కాదని, పన్ను పోయాక వచ్చేవాళ్ళను పోకముందే రప్పించాలని ఆయన పట్టుదల. వైతికుప్పంలో బెస్తవాళ్ళ గుడిసెల ముందు కుర్చీలు వేసి కూచుంటే డాక్టర్ల మాట వినేవాళ్ళు తక్కువ. ఎన్నడూ పెద్దగా మాట్లాడని సీతాపతి అక్కడ లేచి నిలబడి, పైపళ్ళ వరుస తీసి అరచేతిలో పెట్టుకుని, బోసినోటితో మాట్లాడేవాడు. రక్తం వస్తే వేడి అనుకోవద్దు, నేనూ అట్టనే అనుకుంటిని అనేవాడు. చేపల తట్ట దించి నిలబడ్డ పూంగొడి అనే ఆమె తన మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి కుర్చీలో కుదేసింది. దాంతో తక్కినవాళ్ళూ వచ్చారు.

కాని ఒక సంగతి సీతాపతికి, నాగకుమారికి మాత్రమే తెలుసు. పైస్థాయి రాలేదు. ఊపిరి బిగించి పైకి పోతే వరుస జారుతుంది. ఇంకో గట్టు పెడదాం, ఇంకో విధంగా చేద్దాం అనుకుంటూనే ఉన్నారు. ఇంతలో వరదరాజులు రెండో కూతురి పెళ్ళి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు పంతం పట్టి సీతాపతే రావాలన్నారు.

ముహూర్తం బాగానే గడిచింది. సాయంత్రం ఊరేగింపుకు ముందు పందిట్లో పెద్దలు కూచుని కల్యాణి రాగం వాయించమన్నారు. ఎంతకాలమైందో అట్లా అడిగించుకుని. రాగం మెల్లగా విప్పుకుంటూ పోయాడు. జనం నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దం చూసి ఆయనకు ఒళ్ళు మరిచిపోయింది. పాత అలవాటున పైషడ్జం దాటి పంచమం కోసం ఎత్తాడు. వరుస జారింది. నాగస్వరం కీచుమని అరిచింది. పళ్ళు నోట్లోంచి సగం బయటికి వచ్చాయి. ముందు వరసలో పిల్లలు పకపక నవ్వారు, వాళ్ళను చూసి పెద్దవాళ్ళలోనూ కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు. చిన్నదురై అడగకుండానే డోలు మీద విరుచుకుపడి, నవ్వులు వినబడకుండా చాలాసేపు వాయించాడు. ఆ సందులో సీతాపతి పళ్ళు సర్దుకుని, కింది స్థాయిలో ఒక ముక్క వాయించి ముగించాడు. ఇంటికి వచ్చి నాగస్వరం గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ దించలేదు.

నాగకుమారి పరిశోధనకు డిగ్రీ వచ్చింది, పెద్దలు మెచ్చుకున్నారు. కాకినాడలో ఉద్యోగమూ వచ్చింది. వెళ్ళేముందు ఆ ఇంటికి వచ్చి, అరుగు మీద ఆయనకు ఎదురుగా కూచుంది. దవడ ఎముక ఇంకా తరుగుతూనే ఉందని, ఏ వరుస చేసినా వదులైపోతుందని, తనకు తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయని చెప్పింది.

"నన్ను క్షమించండి బాబాయ్‌గారూ. మీ వల్ల నాకు చదువొచ్చింది. నా వల్ల మీకేమీ రాలేదు."

"అట్టనొద్దు పాపా," అన్నాడు సీతాపతి. "ఆ పొద్దు వరండాలో వాయిస్తిని గదా. అది నువ్వు ఇచ్చిందే."

ఆమె పోయాక కూడా ఆయన కాలేజీకి పోవడం మానలేదు. కొత్తగా చేరిన పిల్లలకు అచ్చు తీయడం నేర్పాలంటే భీమేశ్వరరావు ఆయనకే కబురు చేసేవాడు. అలవాటు లేని చేతులతో వాళ్ళు నోట్లో మైనం కుక్కుతుంటే కళ్ళు మూసుకుని కూచునేవాడు.

అట్లా పోయి వస్తున్న రోజుల్లోనే ఒక పెళ్ళి విడిదిలో కుళాయి దగ్గర బాలకృష్ణన్ కంటబడ్డాడు. బాలకృష్ణన్ అప్పుడప్పుడే పేరు వస్తున్న నాగస్వర విద్వాంసుడు, ముప్ఫై ఏళ్ళు లేవు. అతను ఉమిసిన నీళ్ళలో ఎరుపు సీతాపతి చూశాడు. మర్నాడు ఇంటికి పోయి, చెయ్యి పట్టుకుని కాలేజీకి తీసుకుపోయాడు. చిగుళ్ళ లోపల శుభ్రం చేసి, చిన్న కోత కోసి కుట్టారు. పళ్ళు నిలబడ్డాయి. మరుసటి ఏడాది గుడివాళ్ళు మేలుకొలుపుకు మళ్ళీ ఒక మనిషిని స్థిరంగా పెట్టుకోవాలనుకుని సీతాపతి సలహా అడిగితే, ఆయన బాలకృష్ణన్ పేరే చెప్పాడు. చిన్నదురైని కూడా బతిమాలి అతని పక్కన కూచోబెట్టాడు.

అప్పటినుంచి సీతాపతి తెల్లవారకముందే లేచి ఎటో పోవడం మొదలుపెట్టాడు. ఎండ ఎక్కాక వచ్చేవాడు. హేమావతి కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఒక రోజు వెనకే పోయింది. ఆయన వైతికుప్పం దాకా నడిచి, పడవలు లాగిపెట్టిన చోట ఇసుకలో కూచున్నాడు. అలల హోరు తప్ప అక్కడికి ఇంకేమీ, గుడి మేలుకొలుపు కూడా, వినబడదు. ఆమె వచ్చి పక్కన కూచుంది.

"ఏందయ్యా ఇది? వాణ్ణి పెట్టమని జెప్పింది నువ్వే గదా. వాడు వాయించేది నీకు సరిగా లేదా?"

సీతాపతి పళ్ళ వరుస ఇంట్లోనే పెట్టి వచ్చాడు. మాటలు గాలితో కలిసి వచ్చాయి.

"బాగుండాది హేమా. శానా బాగుండాది. పైకి పోతాడు గదా, ఆడికి... ఆడికి పొయ్యేటప్పుడు నా నోరు దానంతట అదే బిగుసుకుంటాది."

హేమావతి జరిగి ఇంకా దగ్గరగా కూచుంది. ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. బెస్తవాళ్ళు వలలు దులుపుతున్నారు. ఒకడు సీతాపతిని గుర్తుపట్టి, నోరు తెరిచి తన పళ్ళు చూపించి నవ్వాడు. సీతాపతి తల ఊపాడు. మరుసటి పొద్దు నుంచి ఆమె కూడా ఆయనతో పాటే లేచి, తలుపు దగ్గరికి వేసి, సముద్రం దాకా నడిచేది.