ముసుగుకు బదులు హెల్మెట్

నిరుడు ఎండాకాలంలో ఒక సాయంత్రం బిచ్కుందలో ఆఫీసు పని ముగించుకుని, స్కూటీ మీద నేరుగా బాన్సువాడలోని మా ప్రార్థన కూటానికి వెళ్ళాను. చున్నీ తెచ్చుకోవడం మరిచిపోయాను. హెల్మెట్ తీసి చాప మీద కూర్చోగానే సంఘ పెద్ద ప్రకాశన్న ప్రార్థన ఆపేశాడు.

"నెత్తి మీద ముసుగు లేకుండ ప్రార్థనకొస్తరా? వాక్యంల రాసుంది. బైబిల్ల ప్రతి మాట దేవుడు పలికిందే. ఒక్కటి గూడ తప్పరాదు."

అందరూ నావైపే చూశారు. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ హెల్మెట్‌లో పెట్టుకున్నాను. అయినా లోపల ఒళ్ళు మండిపోతోంది.

"అన్నా, విశ్వాసులు పవిత్రమైన ముద్దు పెట్టుకొని పలకరించుకోవాల్నని గూడ, ముసుగు సంగతి రాసిన గా అపొస్తలుడు పౌలే రాసిండు గద. మరి మనమెందుకు పెట్టుకుంటలేం?" అన్నాను.

నా పక్కనున్న మరియవ్వ నోట్లో తంబాకు సర్దుకుంటూ లేచింది.

"రాసుంటే తప్పుతదా బిడ్డా" అంటూ ప్రకాశన్న వైపు నడిచింది.

ఆయన వెనక్కి జరిగి జరిగి కూలర్‌కు ఆనుకున్నాడు. "ఆగు అవ్వా, అది గా కాలం ఆచారం. ఇప్పుడు మనకు వర్తించదు."

"మరి ముసుగో?" అంది అవ్వ, ఇంకో అడుగు వేస్తూ.

ప్రకాశన్న బైబిల్‌ను చెంపకు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాపుకోలేక నేను హెల్మెట్ తీసేశాను. ప్రకాశన్న నా ఉత్త నెత్తిని చూడనట్టే ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇప్పుడు మరియవ్వ కనబడితే చాలు, ప్రకాశన్న దూరం నుంచే వందనాలు చెప్పేస్తాడు. నాకు మాత్రం ఒకటి తెలిసొచ్చింది. వాక్యం ఎదుటివాళ్ళ నెత్తి మీదున్నంతసేపు దేవుడి ఆజ్ఞ, మన చెంప దాకా వస్తే ఆ కాలం ఆచారం.