కండె చుట్టని గాలిమర

ఎవరైనా కొత్త రకం గాలిమర గురించి గొప్పలు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గొప్పలన్నీ ఒకప్పుడు నేను చెప్పినవే.

తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో, చిన్న గాలిమరలు తయారుచేసే ఓ కంపెనీలో పనిచేసేవాణ్ని. పెద్ద రెక్కల మర కాదు మాది. నిలువు రెక్కలు, మిద్దె మీద పట్టేంత. ఏ దిక్కు నుంచి వీచినా సరే, పిల్లగాలికి కూడా తిరుగుతుంది. మా ఇల్లు కోస్గి దగ్గర. నాయిన మగ్గం నేస్తాడు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది అమ్మ. ఏళ్ల తరబడి రాట్నం తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవాలన్నా పళ్లు బిగబట్టేది. ఇకనైనా తిప్పడం మానకపోతే చేయి లేవదని దవాఖానలో చెప్పి పంపారు.

నేనున్నాను కదా, ఇంజనీరును! రాట్నానికి మోటారు పెడతాను, మోటారుకు మిద్దె మీద మా గాలిమర పెడతాను అన్నాను.

"ఇంట్ల కరెంటున్నది గదరా. మోటరు దానికి పెడితే తిరగదా?" అని అడిగింది అమ్మ.

నవ్వాను. గోడ ప్లగ్గుకు పెడితే అందులో నా గొప్పేముంది? గాలిమర కరెంటుతో తప్ప నడవని మోటారే తెచ్చి బిగించాను.

బిగించింది ఆషాఢంలో. మా మెట్ట భూముల్లో ఆషాఢం గాలి మనిషిని నిలబడనివ్వదు. మర గిర్రున తిరిగింది, కండెలు చకచకా నిండాయి. వీడియో తీసి ఆఫీసంతా చూపించాను. నాయిన ఒక్కడే పెదవి విరిచాడు. "ఇల్లలకంగనే పండుగైతదా?" అన్నాడు.

దసరా దాటింది. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "తిరుగుతాంది బిడ్డ" అనేది. ఆ మాట పట్టుకొని ఇంకా నాలుగు నేత ఇళ్లకు అదే మర అంటగట్టాను.

మాఘంలో ఓ పొద్దున చెప్పకుండా ఇంటికి పోయాను. మిద్దె మీద మర మెల్లగా తిరుగుతూనే ఉంది. లోపల రాట్నం ముందు అమ్మ. ఎడమ చేత్తో తిప్పుతోంది. కుడి చేయి ఒళ్లో పడి ఉంది.

"ఫోన్‌ల తిరుగుతాంది అన్నవ్ గదమ్మా!" అని అరిచాను.

"తిరుగుతాంది అన్న. కండె చుడుతాంది అన్ననా?"

"మరి నాకు చెప్పొద్దా?"

"నలుగురికి చూపిచ్చుకుంటుంటివి. నీ ఇజ్జత్ నేనే తియ్యాల్నా?"

కుడి చేయి పూర్తిగా పడిపోయేదాకా దానితోనే తిప్పిందట. ఆషాఢం గాలులు పోయాక మా దగ్గర మిగిలేది పిల్లగాలే. గాలి వేగం సగమైతే దాని బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ ముక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. ఛీ, ఏం చదువు! పిల్లగాలికి మర తిరుగుతుంది, అంతే. దాంతో పనేమీ జరగదు.

ఆ మధ్యాహ్నమే కోస్గి బజారులో కుట్టుమిషన్ మోటారు కొన్నాను. రాట్నానికి తగిలించి, వైరు గోడ ప్లగ్గులో పెట్టి, స్విచ్చు వెయ్యమని అమ్మను పిలిచాను. అలవాటు కొద్దీ కుడి చేయి ఎత్తబోయింది. లేవలేదు. ఎడమ చేత్తో వేసింది. రాట్నం తిరిగింది, కండె నిండింది.

"గింతేనా?" అంది. నిండిన కండెను కాసేపు చూసి, "నేను మొదలు అడిగింది గిదే గదరా" అంది.