డ్రిల్లు మాస్టారి మెయిన్ స్విచ్

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఇల్లు మారినా అలవాటు మారలేదు. ఫ్యాన్లూ లైట్లూ ఒక్కొక్కటే కట్టే ఓపిక లేక, బయటికెళ్లేటప్పుడు మెట్ల కింది మీటర్ల గదిలో దూరి, మెయిన్ స్విచ్ ఠక్కున కట్టేసి, ఛాతీ విరుచుకుని నడిచేవారు. తిరిగొచ్చాక వేసేవారు. "పొద్దస్తమానం కరెంటు పోతోంది బాబాయ్ గారూ, మిషను సగం కుట్టులో ఆగిపోతోంది" అని పై అంతస్తులో ఎదురు వాటా టైలరమ్మ వాపోతే, "మాకెప్పుడూ పోదే! వైరింగు చూపించుకోమ్మా" అని జాలిపడేవారు. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి కరెంటు వచ్చేసేది. పాపం, ఆవిడ ఇన్వర్టరుకు అడ్వాన్సు కూడా ఇచ్చుకుంది.

ఇంతలో మాస్టారికి కొత్తింటి మొదటి బిల్లు వాచిపోయి వచ్చింది. ఆయన కరెంటాఫీసు మీద అంతెత్తున లేచారు. "కట్టేసిన ఇంటికి బిల్లేమిటయ్యా?" అంటూ, తనిఖీకి వచ్చిన లైన్‌మన్ ఎదుట స్విచ్ కట్టి మరీ చూపించారు. పైనుంచి టైలరమ్మ కేక వినిపించింది: "మళ్లీ పోయింది!" లైన్‌మన్ బుర్ర గోక్కుని, "ఇది ఆవిడ స్విచ్చండీ మాస్టారూ, మీది ఆ పక్కది" అన్నాడు. అప్పటికే టైలరమ్మ చేతిలో కత్తెరతో సహా దిగొచ్చి గుమ్మంలో నిలబడింది. మాస్టారు ఛాతీ మళ్లీ విరిచారు.

"అదంతా సరే, నీ బిల్లు తగ్గిందా లేదా? ముందు అది చెప్పమ్మా!"